పోయిన చోటే వెతుక్కోవాలా?

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. నాకు ముప్ఫై నాలుగేళ్లు. విశాఖ కూర్మన్నపాలెంలో ఉంటాం. పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం, చేతికి నెలకు 46,000 వస్తుంది. చిన్నప్పటి నుంచీ రమ్మీ అలవాటే. ఈమధ్య ఆఫీసు స్నేహితుడొకడు ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాట్‌కి తీసుకెళ్లాడు. ప్రతి శనివారం రాత్రి తొమ్మిదికి అక్కడ నో లిమిట్ పోకర్ మొదలవుతుంది: చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు, పందేనికి హద్దు లేదు. ఎనిమిది మందిమి ఆడతాం. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టేవి, 25, 50. ఐదు వేలతో కూర్చోవాలి. ప్రతి పాట్‌లోంచీ (అందరి పందేలూ పోగయ్యే కుప్ప) నూటికి ఐదు, రెండొందలు దాటకుండా, ఇంటాయన తీసుకుంటాడు. బిర్యానీ, టీ ఆయనవే. నాలుగు శనివారాలు వెళ్లాను. మొదటిసారి 4,200 వచ్చాయి. రెండోసారి 3,000 పోయాయి, మూడోసారి 5,000. మొన్న 21,500 పోయాయి.

మొన్న పదకొండుంపావుకి నా ముందు సరిగ్గా 5,000 ఉన్నాయి. ఇస్పేటు ఆసు, డైమను రాజు వచ్చాయి. పందెం 200 చేశాను, ముగ్గురు వచ్చారు. ఫ్లాప్‌లో (మొదట తెరిచే మూడు ముక్కల్లో) ఆఠీను ఆసు, ఆఠీను తొమ్మిది, కళావరు ఏడు. 400 పందెం కొట్టాను. మందుల షాపు బాబాయి ఒక్కరే కాల్ చేశారు, అంటే నా అంతే పెట్టారు. ఆయన నెమ్మదస్తుడు, రెండు గంటల నుంచి ముక్క లేకుండా ఒక్క రూపాయి పెట్టలేదు. టర్న్, అంటే నాలుగో ముక్క, డైమను రెండు. 1,100 కొట్టాను, మళ్లీ కాల్. రివర్, అంటే చివరి ముక్క, కళావరు తొమ్మిది. అప్పటిదాకా చెక్ చేసిన (తనంతట పందెం పెట్టకుండా వదిలిన) మనిషి, నా ముందు మిగిలిన 3,300 మొత్తానికీ తనే ముందు పెట్టేశారు. కాల్ చేశాను. తొమ్మిది, ఎనిమిది చూపించారు, బల్ల మీదవాటితో కలిపి మూడు తొమ్మిదులు. తర్వాత ఇంకో ఐదు వేలు తీసుకున్నాను, పన్నెండున్నరకి పోయాయి. ఒకేసారి పదివేలు తీసుకున్నాను, రెండింటికి పోయాయి. చివరికి జేబులో ఉన్న 1,500 కూడా.

నా తప్పెక్కడ? సెషన్ అంతా ఎలా ఆడాలి? స్నేహితుడు గోవా వెళ్దామంటున్నాడు, పెద్ద టేబుల్ మీద ఒక్క రాత్రిలో తిరిగొచ్చేస్తాయట. పోయిన చోటే వెతుక్కోవాలంటారు కదా. చీటీ పాడిన డబ్బు ఇంకా ఉంది. మా ఆవిడకి ఈ సంగతి తెలీదు.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ హ్యాండ్ సంగతి చూద్దాం. నువ్వు మొదట అడిగింది అదే. పైగా అందులో చాలావరకు నువ్వు ఆడింది సరైన ఆటే.

ఆసు, రాజుతో పెంచావు. ఆసు పడ్డాక కొట్టావు. టర్న్‌లో రెండు పడితే ఇంకా గట్టిగా కొట్టావు. అక్కడిదాకా నేనైనా అదే చేస్తాను. టర్న్ తర్వాత బాబాయిని గెలిపించే ముక్కలు పేకలో ఐదే మిగిలాయి: రెండు తొమ్మిదులు, మూడు ఎనిమిదులు. మీ ఇద్దరి చేతుల్లోవి, బల్ల మీదవి తీసేస్తే మిగిలిన ముక్కలు 44. అంటే తొమ్మిదిసార్లలో దాదాపు ఎనిమిదిసార్లు ఆ డబ్బు నీ వైపు వస్తుంది. ఆ తొమ్మిదోసారి మొన్న వచ్చింది. దాన్ని దురదృష్టమను, ఒప్పుకుంటాను. అయితే ఆ దురదృష్టం ఖరీదు 1,700. మిగతా 3,300 నువ్వు చూస్తూ చూస్తూ పెట్టినవి.

రివర్ దగ్గర ఆగి చూడు. పాట్‌లో 3,800 ఉన్నాయి. బాబాయి 3,300 పెట్టారు. నువ్వు 3,300 పెడితే మొత్తం 10,400 అవుతుంది. మూడుసార్లలో దాదాపు ఒకసారైనా నీ ముక్కలు గెలిస్తేనే ఆ కాల్‌కి గిట్టుబాటు. సరే, ఏ ముక్కలతో ఆయన అంత పెడతారు? ఫ్లాప్‌లో రెండు ఆఠీన్లున్నాయి కాబట్టి, ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) కోసం వచ్చి అది పడక ఉత్తినే కొట్టే మనిషి ఎవరైనా ఉండొచ్చు. అలాంటి మనిషైతే కాల్ చెయ్యాల్సిందే. కానీ ఈయన ముక్క లేకుండా రూపాయి పెట్టడని నీ చేత్తో నువ్వే రాశావు. రెండుసార్లు చెక్ చేసి, రెండుసార్లు కాల్ చేసి, బల్ల మీద తొమ్మిది జత కాగానే ఉన్నదంతా పెట్టారంటే ఆయన దగ్గర ఏముందో ఆ క్షణంలో నీకు తెలుసు. తెలిసీ ఎందుకు పెట్టావు? ఆసు, రాజు అంత అందంగా కనిపిస్తున్నాయి కాబట్టి. అప్పటికే 1,700 పెట్టేశావు కాబట్టి.

ఇక్కడ నీకు రమ్మీ అడ్డొచ్చిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. రమ్మీ నీకు నేర్పిన పాఠాన్ని నువ్వు ఇంట్లో వదిలేసి వచ్చావు. పదమూడు ముక్కలు చూసుకుని, జోకరు లేదు, వరస లేదు అనుకోగానే ఇరవైకి డ్రాప్ అవుతావు కదా. మధ్యలో అయితే నలభై, చివరిదాకా కూర్చుంటే ఎనభై, ఈ లెక్క నీ ఒంట్లో ఉంది. ఇరవై కట్టి మరీ పడేసేవాడివి. పోకర్‌లో బ్లైండ్లు పోను పడేయడానికి పైసా కట్టక్కర్లేదు. అయినా ఊరికే పడేయడానికి చెయ్యి రాదు, ఎందుకంటే పడేసిన ముక్కలతో ఏమై ఉండేదో బల్ల మీద కళ్లెదుట తెరుచుకుంటుంది. రమ్మీలో ఆ బాధ లేదు. రెండు, ఏడు పడేశాక ఫ్లాప్‌లో రెండు, ఏడు, ఏడు పడితే మనసు చివుక్కుమంటుంది. ఆ చివుక్కుమనడాన్ని ఓర్చుకోవడమే ఈ ఆటలో సగం పని.

ఇంకో మాట కూడా చెప్పి పక్కకి పెడతాను. మూడు ముక్కలాట నుంచి వచ్చినవాళ్లు ఒక చోట దెబ్బ తింటారు. అక్కడ రంగు కంటే వరస పెద్దది. పోకర్‌లో వరస కంటే రంగు పెద్దది. రాత్రి పన్నెండు దాటాక, వరస పట్టుకుని, బల్ల మీద మూడు కళావర్లున్నా గెలుస్తున్నాననుకుని పెట్టినవాళ్లని నేను చూశాను.

సెషన్ ఎలా ఆడాలన్నావు. నాకు ఈ ఆటంటే ప్రాణం, అందుకని ఇది వివరంగానే చెబుతాను.

ఎక్కడ కూర్చుంటావో చూసుకో. ఎవడు ప్రతి హ్యాండ్‌కీ పెంచుతాడో అతను నీకు కుడివైపు ఉండాలి. అప్పుడు అతను ఏం చేశాడో చూశాకే నీ వంతు వస్తుంది. బటన్ (అందరికంటే చివర వంతు వచ్చే చోటు) నీ దగ్గరున్నప్పుడు, దాని ముందు కుర్చీలో ఉన్నప్పుడు ఎక్కువ ముక్కలు ఆడొచ్చు. బ్లైండ్ల పక్కన కూర్చున్నప్పుడు మంచి ముక్కలకే చెయ్యి పెట్టు. మీ టేబుల్‌లో ఒకడు పెంచితే ముగ్గురు, నలుగురు వస్తున్నారు. అలాంటి చోట జాకీ, పది కంటే చిన్న జతలు కూడా పనికొస్తాయి, తక్కువకి చూడనిస్తేనే. చేతిలో జత ఉంటే ఫ్లాప్‌లో మూడోది పడేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. పడనప్పుడు తక్కువ పోగొట్టుకోవాలి, పడ్డప్పుడు ఎదుటివాడి ముందు తీసుకోవడానికి తగినంత ఉండాలి. యాభై పెట్టి చూడటం వేరు, ఎదుటివాడి ముందు వెయ్యే ఉన్నప్పుడు నాలుగొందలు పెట్టి చూడటం వేరు.

ఫ్లాప్‌లో ఒకే రంగు నాలుగు ముక్కలైతే ఐదోదానికి ఇంకా తొమ్మిది ముక్కలున్నాయి. రెండు ముక్కలూ చూడనిస్తే నూటికి ముప్ఫై ఐదుసార్లు పడుతుంది. టర్న్ అయిపోయి ఒక్క ముక్కే మిగిలితే నూటికి ఇరవై కూడా లేదు. పాట్‌లో వెయ్యి ఉండగా నిన్ను వెయ్యి పెట్టమంటే ఆ ఒక్క ముక్క కోసం పెట్టకు. వెయ్యికి రెండొందలు అడిగితే పెట్టు. ఈ చిన్న లెక్క చేసేవాళ్లు మీ టేబుల్‌లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. రాత్రి చివరికి డబ్బు వాళ్ల ముందే ఎందుకు పోగవుతుందో గమనించు.

ఒక జత మీద, అది ఆసుల జతైనా సరే, ఉన్నదంతా పెట్టాల్సి వచ్చినప్పుడు ఎదుటివాడెవడో చూడు. నో లిమిట్ అంటే ఇదే: రమ్మీలో ఎనభై దాటి పోవు, ఇక్కడ ఒక్క మాటతో నీ ముందున్నదంతా పోతుంది. నెమ్మదిగా ఆడే మనిషి చివరి ముక్క మీద హఠాత్తుగా పెద్దది పెట్టాడంటే నూటికి తొంభైసార్లు నిజమే అని నా అనుభవం. చిప్స్ పెడుతూ ఆయన వేళ్లు వణికితే భయపడుతున్నాడనుకోకు. పెద్ద ముక్కలు పట్టుకున్నప్పుడే చేతులు ఎక్కువ వణుకుతాయి.

ఇక మొన్నటి రాత్రి. నీ లెక్కనే మళ్లీ రాసి చూపిస్తాను. తొమ్మిది నుంచి పదకొండుంపావు దాకా పోయింది 5,000. అందులోనూ నిజంగా చెడ్డ ఆటకి పోయింది ఒక్క కాల్. పదకొండుంపావు తర్వాత మూడు గంటల్లో పోయింది 16,500. మొదటి ఐదు వేలు పోయిన హ్యాండ్ నీకు ముక్క ముక్కా గుర్తుంది, ఏ రంగో కూడా రాశావు. తర్వాతి పదహారున్నర వేల గురించి ఒక్క ముక్క రాయలేదు. 'పోయాయి', 'పోయాయి' అని రెండు మాటలు. నీకు గుర్తు లేదు కాబట్టే రాయలేదు.

నాకు ఇది ఎలా తెలుసంటే, నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఆడిన ప్రతిసారీ పెద్ద హ్యాండ్‌లు అందులో రాసుకునేవాణ్ణి. చాలా ఏళ్ల కిందట వేరే ఊళ్లో పద్నాలుగు గంటలు ఒకే కుర్చీలో కూర్చున్నాను. లేచేసరికి తెల్లారింది, మూడు నెలలు దాచుకున్నది పోయింది. బస్సులో పుస్తకం తీస్తే రాత్రి ఒంటిగంట దాకా తేటగా రాసుంది: ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎంత పెట్టారు, నేనేమనుకున్నాను. ఒంటిగంట తర్వాత ఒక గీత కూడా లేదు. ఐదు గంటలు ఖాళీ పేజీ. ఆ ఖాళీ పేజీలోనే నా డబ్బంతా పోయింది. దాన్ని పోకర్ వాళ్లు టిల్ట్ అంటారు. మా దొండపర్తి రైల్వే క్వార్టర్స్‌లో పెద్దవాళ్లు 'తిక్కెక్కింది వాడికి, ముక్కలియ్యకండి' అనేవాళ్లు. అలా అనే స్నేహితులు ఉన్న చోట ఆడటం వేరు. ఎంవీపీలో ఆ ఫ్లాట్‌లో అలా అనేవాళ్లెవరూ లేరు. నువ్వు ఇంకో పదివేలు ఫోన్‌పే చేస్తుంటే అందరూ కాళ్లు సర్దుకుని చోటిచ్చి ఉంటారు.

పైగా పన్నెండు దాటాక ఆట అదే ఆట కాదు. ఇలాంటి ఇళ్లలో అర్ధరాత్రి కాగానే స్ట్రాడిల్ మొదలవుతుంది, ఎవరో ఒకరు వంద పెట్టందే ముక్కలు పంచరు. మీ దగ్గరా అంతే అయ్యుంటుంది. అప్పుడు 25, 50 ఆట కాస్తా 50, 100 ఆట అయిపోతుంది. తొమ్మిదింటికి నీ ఐదు వేలు వంద బిగ్ బ్లైండ్లు (పెద్ద బ్లైండ్ 50 కదా). పన్నెండుకి అవే ఐదు వేలు యాభై. నువ్వు ఓడిపోయి, అలసిపోయి, రెట్టింపు పెద్ద ఆటలోకి వెళ్లావు. గెలిచినవాళ్లు అప్పటికి తమ ముందు ముప్ఫై వేలు పెట్టుకుని నింపాదిగా ఉన్నారు. పోయిన చోటే వెతుక్కోవాలి అన్న మాట ఉంగరం పోయినప్పటికి సరిపోతుంది. ఉంగరం పడిన చోటే ఉంటుంది. బాబాయి జేబులోకి వెళ్లిన డబ్బు బల్ల మీద లేదు. అది పదకొండున్నరకే ఇంటికి వెళ్లిపోయి ఉండొచ్చు కూడా.

ఇక్కడ ఒక అభ్యంతరం నువ్వు చెప్పకముందే నేను చెబుతాను, బాగా ఆడేవాళ్లందరూ చెబుతారు కాబట్టి. పేకముక్కకి జ్ఞాపకం లేదు, ఆట మొత్తం జీవితకాలం ఒకటే సెషన్, కాబట్టి ఇంత పోతే లేవాలి అనడానికి అర్థం లేదు అంటారు. ముక్కల వైపు నుంచి చూస్తే అది నిజమే. ఐదు వేలు పోయాక వచ్చే ఆసుల జత, గెలుస్తున్నప్పుడు వచ్చే ఆసుల జత అంతే బలమైనది. మారేది ముక్క కాదు, పట్టుకున్న మనిషి. పదకొండుంపావు ముందు ఉన్న నువ్వు ఆ టేబుల్‌లో బాగా ఆడేవాళ్లలో ఒకడివి. పదకొండుంపావు తర్వాత ఉన్న నిన్ను చూసి మిగతా ఏడుగురూ ఆవేళ ఆలస్యంగా ఇంటికెళ్లారు. లేవాల్సింది అందుకే.

మా క్వార్టర్స్‌లో నాన్న స్నేహితుడొకాయన కూర్చునే ముందు సిగరెట్ పెట్టె మీద పెన్నుతో టైము రాసి తన మోకాలి దగ్గర పెట్టుకునేవారు. పది అని రాస్తే, గెలుస్తున్నా ఓడుతున్నా పదికి పెట్టె జేబులో పెట్టుకుని లేచేవారు. ఎవరూ ఆపేవారు కాదు, ఎందుకంటే ఆ పెట్టె ముందే అందరికీ కనబడేది. నువ్వు కూడా ఎక్కడ ఆడినా కూర్చోగానే గట్టిగా చెప్పు: పన్నెండుకి వెళ్లిపోతాను, పొద్దున్న డ్యూటీ. ముందు చెప్పకపోతే, గెలిచినప్పుడు లేస్తుంటే 'ఏటి గురూ, మా డబ్బులట్టుకుని అప్పుడే ఎల్లిపోతావేటి' అంటారు. మొహమాటానికి మళ్లీ కూర్చుంటావు. ఓడినప్పుడు ఎవరూ ఏమీ అనరు, నీకు నువ్వే చెప్పుకుని కూర్చుంటావు. వెంట తీసుకెళ్లే డబ్బు ఒక్క బై ఇన్, అంటే ఒకసారి కూర్చోవడానికి కట్టేది. ఫోన్‌లో డబ్బు పంపే యాప్ తీసేసి వెళ్లడం చిన్నపిల్లల పనిలా అనిపించొచ్చు, మొన్న అది లేకపోతే నీకు 15,000 మిగిలేవి.

ఆ బిర్యానీ సంగతి. చేత్తో పంచితే గంటకి పాతిక హ్యాండ్‌లు అవుతాయి. ఒక్కోదానిలో ఇంటాయన సగటున ఎనభై తీశాడనుకుందాం. గంటకి రెండు వేలు. ఐదు గంటలకి పదివేలు. ఎనిమిది మందికి పంచితే తలకి 1,250. అంటే ముక్కలు ఎలా వచ్చినా ప్రతి శనివారం నీ వంతుగా అంత ఆ పెట్టెలోకి వెళ్తుంది, గంటకి ఐదు బిగ్ బ్లైండ్లు. నువ్వు మిగతావాళ్లకంటే గంటకి ఐదు బ్లైండ్లు బాగా ఆడితే, అదీ చాలా మంచి ఆటే, సమానంగా ఇంటికెళ్తావు. నాలుగు శనివారాల్లో నీకు పోయిన 25,300లో ఒక ఐదు వేలు ఎవరూ గెలవలేదు. బల్ల తినేసింది.

చట్టం కూడా సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో కోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. మనవాళ్లు ఆ ఒక్క వాక్యం పట్టుకుని తిరుగుతారు. అదే తీర్పులో, ఇంటి యజమానో క్లబ్బో ఆ ఆట మీద లాభం చేసుకుంటుంటే నేరం కావచ్చని కూడా ఉంది. పోకర్‌కి రమ్మీకున్న పాటి రక్షణ కూడా లేదు. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం పోకర్‌ను జూదం నిర్వచనంలోంచి తప్పించింది. గుజరాత్ హైకోర్టు 2017లో అది జూదమే అంది. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలనీ నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటల్ని, నైపుణ్యమున్నా లేకపోయినా, నిషేధిస్తూ చట్టం తెచ్చింది. పాట్‌లోంచి వాటా తీసే ఫ్లాట్‌లో పోలీసులు తలుపు కొడితే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరి పేర్లూ రాసుకుంటారు. నీ ఉద్యోగానికి అది ఏం చేస్తుందో నువ్వే ఆలోచించుకో. ఆ ఇంటికి మళ్లీ వెళ్లొద్దని నేను చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

గోవా అంటావా. అక్కడ 1976 చట్టాన్ని తర్వాత సవరించుకుని అనుమతిచ్చారు కాబట్టి మాండవి నదిలో ఓడల మీద ఆడొచ్చు, ఇరవై ఒకటి నిండితే రానిస్తారు. పోలీసు భయం ఉండదు. కానీ అక్కడ కూర్చునేవాళ్లలో ఇదే పనిగా ఆడేవాళ్లుంటారు. మందుల షాపు బాబాయి లాంటివాళ్లని వాళ్లు తింటారు, ఆ బాబాయి నిన్ను మొన్న తిన్నారు. గెలిస్తే 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. ఓడిన రాత్రుల నష్టాన్ని గెలిచిన రాత్రిలోంచి తీసేసుకోవడానికి పన్ను చట్టం ఒప్పుకోదు. రైలు, గది, తిండి ఖర్చు వేరే. ఒక్క రాత్రిలో పాతిక వేలు తిరిగి తేవాలని వెళ్లేవాడు పాతిక వేలు వచ్చేదాకా లేవడు, అదే ప్రమాదం. ఈ మనసుతో గోవా వెళ్లొద్దు. మీ స్నేహితుడు మంచివాడే కావచ్చు, అతనికీ వెతుక్కోవాల్సినవి ఏవో ఉండి ఉంటాయి.

డబ్బు సంగతి ఇంకా సూటిగా చెబుతాను. సీరియస్‌గా ఆడేవాళ్లు ఏ ఆటకైనా కనీసం ఇరవై, ముప్ఫై బై ఇన్‌లు విడిగా పెట్టుకుంటారు. బాగా ఆడినా వరసగా ఏడెనిమిది పోవడం మామూలే కాబట్టి. ఐదు వేల ఆటకి అది లక్ష, లక్షన్నర. మొత్తం పోయినా ఇంట్లో పొయ్యి మీద ఏమీ మారకూడని డబ్బు. 46,000 జీతంలో నీకు అలాంటి డబ్బు లేదు. ఉన్నది చీటీ డబ్బు. చీటీ ఎందుకు పాడావో నువ్వు రాయలేదు, నేను ఊహించను. నెలనెలా ఇద్దరూ కలిసి కట్టినదే అయ్యుంటుంది. ఆటలో మొదటి తప్పు రివర్ కాల్ కాదు తమ్ముడూ, ఆ డబ్బు తీసుకుని కూర్చోవడం. నీది కాని డబ్బు ముందు పెట్టుకున్నవాడికి చేతిలో ఆసు, రాజు ఉన్నా పడేసే ధైర్యం రాదు.

నీ ఉత్తరంలో చివరి వాక్యం అన్నిటికంటే చిన్నది. 'మా ఆవిడకి ఈ సంగతి తెలీదు.' నాకు అక్కడే గుండె ఆగింది. పోయినది 25,300. అది మోయగలిగిన అంకె. ఇవాళ చెబితే ఒక పెద్ద గొడవ, కొన్నాళ్లు మాటల్లేకపోవడం, ఆరేడు నెలలు ఓవర్‌టైము. దాచిపెట్టి దాన్ని తిరిగి తేవాలని చూస్తే ఆ అంకె ఎక్కడ ఆగుతుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. కాగితం మీద నాలుగు శనివారాలూ విడివిడిగా రాసి చూపించు. గెలిచిన 4,200 కూడా రాయి. కొంచెం తగ్గించి చెబుదామనిపిస్తుంది. తగ్గించకు, ఆ తగ్గించినదాన్ని పూడ్చడానికే మళ్లీ వెళ్తావు. చీటీ డబ్బు మిగిలినది ఆవిడ ఖాతాలోకి అదే రోజు పంపించెయ్యి.

పోయింది రాబట్టడానికి పెద్ద ఆటకి వెళ్లడం, ఇంట్లో దాచడం, ఈ రెండూ ఇప్పటికే నీ దగ్గరున్నాయి. మూడోది అప్పు చెయ్యడం. డాక్టర్లు జూద వ్యసనాన్ని గుర్తుపట్టే గుర్తుల్లో ఇవి ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దానికి చోటుంది, సిగ్గుపడాల్సినదేమీ కాదు. నీకు ఆ జబ్బుందని నేను అనడం లేదు. వచ్చే రెండు శనివారాలు తొమ్మిదయ్యేసరికి ఇంట్లో కాలు నిలవకపోతే మాత్రం 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మనిషిని కలవాలనిపిస్తే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

ఆట మానెయ్యమని చెప్పను, ఇంత ప్రేమగా ఆ హ్యాండ్ రాసినవాడికి అది అన్యాయం. ఆరు నెలలు డబ్బు లేకుండా ఆడు. ఆఫీసు కుర్రాళ్లని నలుగురైదుగుర్ని పోగుచేసి, అందరికీ సమానంగా చిప్స్ ఇచ్చి, పోయినవాడు బయటికి అన్న పద్ధతిలో. డబ్బు లేకపోతే అందరూ అన్నిటికీ కాల్ చేస్తారంటావు, నిజమే. అందుకని ముందు ఔటైనవాడు ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో అందరికీ మురీ మిక్చర్ కొనాలని పెట్టండి. ఆ మాత్రం చాలు, మనుషులు పడేయడం మొదలుపెడతారు. నోటు పుస్తకంలో రాసుకో. ఎవరి గురించి ఏమనుకున్నావు, చివరికి ఏం చూపించారు, అది. పాతిక పేజీలు నిండాక చదివితే బాబాయి లాంటి మనిషి రివర్ మీద పెట్టినప్పుడు నీ చెయ్యి దానంతటదే ముక్కల్ని ముందుకు తోసేస్తుంది.

ఈ శనివారం మధ్యాహ్నం ఆ ఇంటాయన నుంచి మెసేజ్ వస్తుంది, సీటు ఉంచమంటారా అని. 'రావడం లేదు' అని రెండు మాటలు రాసి పంపు. కారణం రాయకు. కారణం రాస్తే దానికి ఆయన దగ్గర జవాబుంటుంది.